గౌతమి మీదుగా యానామునకు

యానాము చేరుటకు నేడు పడవ అక్కరలేదు. కాకినాడ నుండి బస్సులు పోవుచున్నవి. కోనసీమ నుండి వచ్చువారికి ఎదుర్లంక వద్ద బాలయోగి గారి పేరు పెట్టిన వారధి యున్నది. ఐనను మేము నలుగురు మిత్రులము కార్తికమాసమున ఒకనాటి ఉదయము కోటిపల్లి రేవులో ఒక మరపడవను మాట్లాడుకొని, గౌతమీ ప్రవాహము వెంట యానామునకు బయలుదేరితిమి. ఈ పని చూచి రేవులోనివారు కొందరు నవ్విరి. మా ఉద్దేశము వేరు. ఆ ఊరి చరిత్రలో లెక్కింపదగినవారిలో పెక్కుమంది నీటి మీదనే వచ్చిరి. నీటి మీదనే పోయిరి. వర్తకులు, సైనికులు, పెండ్లివారు, దేశము విడిచిన కూలీలు, తుపానులో ఇల్లు పోగొట్టుకొన్నవారు, వీరందరికిని యానామనగా మొదట ఒక రేవు, తరువాతనే ఒక ఊరు. కనుక ఆ ఊరిని రేవు వైపు నుండి చూడవలెనని మాకు తోచినది.

కార్తికమాసమగుటచే కోటిపల్లిలో సోమేశ్వరుని దర్శించువారి సందడి తెల్లవారుజామునకే మొదలైనది. స్నానఘట్టము వద్ద విడిచిన దీపములు కొన్ని అరటిదొప్పలలో ఇంకను కొట్టుకొనిపోవుచున్నవి. ఎదుటి గట్టునగల ముక్తేశ్వరము వైపు జనముతో, వాహనములతో నిండిన పంటు కదలుచున్నది. మా పడవ నడుపు సరంగు అరువదేండ్లు దాటినవాడు. సముద్రపు మొగకు దగ్గరనున్న పల్లెలో పుట్టి, బాల్యము నుండియు ఈ నీటి మీదనే బ్రతికినవాడు. ఎంతసేపు పట్టునని మేమడుగగా అతడు నదివంక చూచి, "నేను చెప్పడానికేముందండి బాబూ, గోదారి చెప్పాలి. మురమళ్ళ దాటాక పాటు దొరికిందా, ఇంజిను కట్టేసినా యానాం చేరతాం. పోటు ఎదురొచ్చిందా, ఇంజిను ఎంత అరిచినా పడవ మూలుగుతూనే నడుస్తుందండి" అనెను.

ఈ పోటుపాటుల మాట సామాన్యమైనది కాదు. యానాము పుట్టుక దీనిపై ఆధారపడియున్నది. ధవళేశ్వరమునకు దిగువను గోదావరి పాయలుగా చీలి సముద్రమును చేరును. వానిలో తూర్పుగా పోవు పెద్దపాయ గౌతమి. సముద్రమునకు పది పన్నెండు మైళ్ళు ఉన్నదనగా గౌతమి నుండి కోరంగి నది అను చిన్నపాయ ఉత్తరముగా విడిపోవును. ఆ రెండు నీళ్ళు విడిపోవుచోట యానాము వెలసినది. ఓడలకు కోరంగి పాయలో ఆశ్రయము, సరకునకు గౌతమిలో రాచబాట. పోటు వచ్చినప్పుడు పడవలు లోనికి వచ్చును; పాటు తగిలినప్పుడు వెలికి పోవును. వర్తకునకు ఇంతకంటె అనువైన తావు దొరకుట అరుదు.

ఐరోపా వర్తకులను ఈ లంకలలోనికి లాగిన సరకు బట్ట. గౌతమికి రెండు గట్టుల పల్లెలలో మగ్గములు ఆడుచుండెను. ఆ తెల్లబట్టలకు, అద్దకపు బట్టలకు సముద్రముల ఆవలి అంగళ్ళలో గిరాకి యుండెను. 17వ శతాబ్దిలోనే డచ్చివారు గోదావరి మండలమున నిలదొక్కుకొనిరి. వారి వెనుక ఆంగ్లేయులు మాధవాయపాలెము, బండమూర్లంక, ఇంజరములలో కొఠీలు కట్టిరి. తెలుగువారు పరాసులని పిలిచిన ఫ్రెంచివారు అందరికంటె ఆలస్యముగా, 1723లో యానామునకు వచ్చిరి. లాభము కానరాక 1727లో కొఠీ మూసి వెడలిపోయిరి. మరల 1731లో తిరిగి వచ్చిరి. ఆ రాకతో మొదలైన సంబంధము, నడుమ నడుమ తెగుచు అతుకుచు, రెండువందల యిరువది యేండ్లు దాటి సాగినది.

మా పడవ పోవుచుండ ఎడమగట్టున కొబ్బరితోటల వెనుక ఇంజరము ఎక్కడనున్నదో సరంగు చేయి చాచి చూపెను. ఇంజరమునకు యానామునకు నడుమ దూరము కొలది మైళ్ళు మాత్రమే. లండనులోను పారిసులోను రాజులకు వైరము వచ్చినప్పుడెల్ల, ఈ లంకల నడుమ పొరుగుననున్న రెండు కొఠీలవారు శత్రువులైపోవలసివచ్చెడిది. 1753లో హైదరాబాదు సలాబత్‌జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చివేసెను. 1757లో బుస్సీ ఇంజరము, బండమూర్లంక, మాధవాయపాలెములలోని ఆంగ్లేయుల కొఠీలను పట్టుకొని, విశాఖపట్టణమును సైతము లోబరచుకొనెను. మరుసటి సంవత్సరమే, 1758 డిసెంబరులో, చందుర్తి యుద్ధమున కర్నల్ ఫోర్డు చేత ఫ్రెంచివారు ఓడిపోయిరి. దానితో సర్కారులపై వారి ఆశ అంతరించినది. రాజ్యము పోయెను, యానాము మాత్రము మిగిలెను.

అటుపిమ్మట ఐరోపాలో యుద్ధము వచ్చిన ప్రతిసారియు ఆంగ్లేయులు యానామును పట్టుకొనుట, సంధి కుదిరిన ప్రతిసారియు తిరిగి ఇచ్చుట పరిపాటియైనది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలమున ఒకసారి, ఫ్రెంచి విప్లవానంతరము 1793లో మరొకసారి ఇట్లు జరిగినది. 1814 నాటి పారిసు సంధి ననుసరించి 1816–17 ప్రాంతమున యానాము తుదిసారిగా ఫ్రెంచివారి కప్పగింపబడి, 1954 వరకు వారి చేతిలో నిలిచినది. ఆ పుచ్చుకొనుటలు ఇచ్చుటలు జరుగుచున్నప్పుడు ఈ గట్టు మీది నేతగానికి, పడవవానికి, పల్లెకారునికి జెండా రంగు తప్ప ఏమి మారెనో ఆలోచింపవలసియున్నది. దొర మారినను మగ్గము అదే, పోటుపాటులు అవే.

ఆనాడు పాటు మాకు అనుకూలించినది. మధ్యాహ్నము కాకమునుపే వారధి కనబడెను. దాని ప్రక్కన యానాము గట్టు, గట్టు వెంబడి నేటివారు వేసిన ఉద్యానము, నిలిపిన విగ్రహములు కనబడెను. మెట్ల మీద బట్టలుతుకువారు, వల బాగుచేసికొనువారు మా పడవను చూచి పని ఆపిరి. ఒకడు నీటిలోనికి దిగి మోకు అందుకొనెను. ఒక ముసలమ్మ మేమెవరమో అడుగకయే, "ఎండలో వచ్చారు, మంచినీళ్ళు తాగండి బాబూ" అని సత్తుచెంబు అందించెను. మేము దేశములో పెక్కు ఊళ్ళలో దిగియుంటిమి. పేరు, ఊరు, పని అడుగక ముందుగా నీరిచ్చిన ఊళ్ళు మాకు ఎక్కువగా తటస్థపడలేదు.

మాకు ఆతిథ్యమిచ్చినవారు ఒక విశ్రాంతోపాధ్యాయులు. మా మిత్రులలో నొకరికి పూర్వపరిచయము గలవారు. వారు గట్టు వద్దకే వచ్చి, "రండి, రండి. కబుర్లు తరువాత, ముందు భోజనం. పులసల కాలం దాటిపోయాక వచ్చారు, అదొక్కటే నాకు విచారం" అని నవ్విరి. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత పుట్టిన నేలలో ఆ విచారము సహజమే. భోజనానంతరము వారు తమ ఊరిని గురించి గర్వముతో ఒక మాట చెప్పిరి: "మా యానాం ఎవరినీ ఎందుకొచ్చావని అడగదండి. ఎవరొచ్చినా చోటిస్తుంది." ఆ మాట మా చెవిలో నిలిచిపోయినది. ఆ సాయంకాలమును మరునాటి ఉదయమును మేము చూచినదెల్ల, విన్నదెల్ల ఆ యొక్క మాటకు వ్యాఖ్యానమువలె తోచినది.

సాయంకాలము వారు మమ్ము వీధులలో త్రిప్పిరి. యానాము మొత్తము వైశాల్యము 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కలలో అచ్చటి వారి సంఖ్య యేబదియైదువేలు దాటినది. చుట్టును ఆంధ్రప్రదేశ్ ఉండగా ఈ చిన్న ఊరు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమునకు చేరియున్నది. ఐనను వీధిలో వినబడునది గోదావరి తెలుగే. 19వ శతాబ్ది నాటి క్రైస్తవ దేవాలయము ఒకవైపు, మీసములతో దర్శనమిచ్చు వేంకటేశ్వరస్వామి కోవెల మరొకవైపు. మీసాల వెంకన్నయని ఆ స్వామిని జనులు చనువుగా పిలుచుకొందురు.

ఆ కోవెల వద్ద నిలిచినప్పుడు మాకు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. 1870లో కడియమున జన్మించిన ఆ మహాకవి బాల్యమున కుటుంబముతో యానాము చేరి ఇచ్చటనే చదువుకొనిరి. తిరుపతి వేంకట కవులలో నొకరై అవధానములతో ఆంధ్రదేశమును ఉర్రూతలూగించిన వారి మొదటి చదువు ఫ్రెంచి జెండా క్రింద జరిగినది. 1949లో ఆస్థానకవి పదవి నందుకొన్న వారి వెనుక ఈ రేవు ఊరి వీధులున్నవి. పరాయి ప్రభుత్వము క్రిందనున్న చిన్నచోట తెలుగు పద్యము వాడిపోలేదు. ఎవరినీ అడుగని ఊరు సరస్వతికి సైతము చోటిచ్చినది. ఇంతవరకు ఉపాధ్యాయులవారి గర్వము సమంజసమే.

కాని వీధి చివర ఒక పెంకుటింటి ముందు వారు ఆగిరి. వారి కంఠస్వరము మారినది. 1929లో శారదా చట్టము వచ్చినది. పదునాలుగేండ్లు నిండని బాలికకును, పదునెనిమిదేండ్లు నిండని బాలునకును వివాహము చేయుట బ్రిటిషు ఇండియాలో 1930 ఏప్రిలు 1 నుండి నేరమైనది. ఆ చట్టము ఫ్రెంచి యానాములో చెల్లదు. కనుక ఉభయ గోదావరుల నుండియు, ఇంకను దూరమునుండియు పెండ్లివారు పడవలమీదను బండ్లమీదను యానామునకు రాసాగిరి. పిల్లల చేత తాళి కట్టించి, మరల పడవ ఎక్కి పోయెడివారు. యానాము పెండ్లిండ్లను మాట ఆ రోజులలో ప్రసిద్ధి కెక్కినది. ఊరికి ఆదాయము వచ్చినది, వచ్చినవారికి విడిది దొరకినది, అడిగినవారు లేరు.

"మా చిన్నమామ్మ, అంటే మా నాయనమ్మ చెల్లెలు, పెళ్ళి ఈ ఇంట్లోనే జరిగిందండి" అని ఉపాధ్యాయులవారు చెప్పిరి. "అప్పటికి ఆవిడకు తొమ్మిదేళ్ళు. పెళ్ళి ఏమి గుర్తుంది చిన్నమామ్మా అని అడిగేవాణ్ణి. పడవలో నిద్రపోయాను, లేపి పసుపుబట్ట కట్టారు, మళ్ళీ పడవలో నిద్రపోయాను అనేది. పదమూడో ఏట భర్త పోయాడు. మిగిలిన అరవై ఏళ్ళూ మా ఇంట్లోనే గడిపింది. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే." ఇంతచెప్పి వారు కొంతసేపు మాటాడలేదు. మేము ఆ పెంకుటింటి అరుగువంక చూచుచు నిలిచితిమి. భోజనమువేళ వారు చెప్పిన మాట మా అందరి మనస్సులలోను మెదలినది. పైకి ఎవరము అనలేదు. వారే అనిరి: "అడగకపోవడం అన్నివేళలా మంచితనం కాదండి."

ఇది ఒక్కనాటి కథ కాదు. ఈ రేవు చరిత్రలో ఇంతకంటె చీకటి పుటలున్నవి. 18వ శతాబ్దిలో ఇచ్చటినుండి బట్టల మూటలతోపాటు మనుష్యులు సైతము ఓడల కెక్కింపబడిరి. హిందూ మహాసముద్రమునందలి ఫ్రెంచి ద్వీపములలో, అనగా నేటి మారిషస్, రెయూనియన్ దీవులలో, తోటలకు బానిసలు కావలసివచ్చిరి. 1790–92 నడుమ ఉత్తర సర్కారులలో ఘోరమైన కరవు వచ్చినది. కడుపుమాడిన తల్లిదండ్రులు బిడ్డలను విడిచిన కాలమది. ఆకలి గట్టున నిలిచియుండగా వర్తకుడు రేవులో నిలిచియుండెను.

అప్పుడు యానామున ఫ్రెంచి అధికారి పియర్ సొన్నెరా. ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా ఐరోపాలో పేరుగన్నవాడు. భారత చీనా దేశములలో తాను చూచినదానిని 1782లో గ్రంథముగా ప్రకటించినవాడు. పక్షులను మొక్కలను శ్రద్ధగా పరిశీలించిన ఆ కన్ను రేవులో జరుగుచున్నదానిని చూడకపోలేదు. తన దేశపు వర్తకులే లాభపడుచున్నను 1792లో ఆతడు ఈ మనుష్యవిక్రయమును అరికట్టుటకు పూనుకొనెను. మరుసటి యేడే ఆంగ్లేయులు యానామును పట్టుకొనిరి. ఆ ఓడలలో పోయినవారి పేర్లు మనకు మిగులలేదు. పోనీయకుండ అడ్డుపడినవాని పేరు మిగిలినది. రేవులో నిలిచి, ఈ పడవలో నున్నది ఎవరు, ఎచ్చటికి పోవుచున్నారని అడిగిన ఒక్కడైనను ఉండుట ఆ ఊరి అదృష్టమనవలెను.

బానిసత్వము పేరు మారినను సముద్రపు దారి మారలేదు. 1828 నుండి రెండు మూడేండ్లలో యానాము ప్రాంతమునుండి తెలుగు కూలీలు ఒప్పందముపై రెయూనియన్ ద్వీపమునకు కొనిపోబడిరి. ఆ ద్వీపమునకు ఒప్పందము మీద చేరిన తొలి భారతీయులలో వారు చేరుదురు. ఫ్రెంచివారి కాగితములలో వారిని తెలింగాలని వ్రాసిరి. ఊరి పేరు, ఇంటి పేరు పోయి, భాష పేరు ఒక్కటే వారికి మిగిలినదన్నమాట. తరువాత కోరంగి నుండి మారిషసునకు, బర్మాకు పోయినవారి సంగతియు ఇట్టిదే. రంగూనులో తెలుగువారి నందరిని కోరంగీలని పిలిచిరి. ఏ పల్లెలో పుట్టినవాడైనను అచ్చట వాడు కోరంగివాడే. ఎక్కిన రేవే వాని ఇంటిపేరైనది.

ఆ కోరంగిని చూడక యానామును చూచితిమనుకొనుట సరికాదు. మరునాడు ప్రాతఃకాలమున మా సరంగు మమ్ము కోరంగి పాయలోనికి కొనిపోయెను. గౌతమిలోని వెడల్పు ఇచ్చట లేదు. రెండు వైపుల మడచెట్లు నీటిలోనికి వ్రేళ్ళు దింపి నిలిచియున్నవి. 1978లో ఏర్పడిన కోరంగి వన్యప్రాణి సంరక్షణ కేంద్రము ఈ అడవియే. కొంగలు, లకుముకి పిట్టలు తప్ప అలికిడి లేదు. ఒకప్పుడు ఈ తీరమున ఓడలు కట్టుటకు, బాగుచేయుటకు పేరుపొందిన రేవు ఇదియని ఎవరైన చెప్పిననే గాని తెలియదు. 1802లో ఆల్బట్రాస్ అను ఆంగ్ల యుద్ధనౌక మరమ్మతునకై ఇచ్చటికి వచ్చినది. ఊరి వడ్రంగుల, కమ్మరుల సుత్తిదెబ్బలు ఈ పాయంతట వినబడిన దినములవి.

కోరంగిని పడగొట్టినది శత్రువు కాదు, సముద్రము. 1789 డిసెంబరులో తుపాను వచ్చి, మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక ఒకటి ఊరి మీదికి వచ్చినవి. లంగరు వేసిన ఓడలు నేలమీదికి కొట్టుకొనివచ్చినవి, ఇండ్లు ఇసుకలో కూరుకొనిపోయినవి, వేలజనము నశించినది. ఐనను జనులు తిరిగి కట్టుకొనిరి. ఏబదియేండ్లు నిండవచ్చుచుండగా, 1839 నవంబరులో, మరల అంతటి ఉప్పెన వచ్చినది. దానినుండి కోరంగి కోలుకొనలేదు. గోదావరి తెచ్చు ఒండ్రు పాయలో మేటవేసినది. పెద్ద ఓడలు రాలేకపోయినవి. వర్తకము క్రమముగా కాకినాడకు తరలినది. కోరంగి తుపాను వృత్తాంతమును సేకరించి లోకమునకు తెలియజేసినవారిలో హెన్రీ పిడింగ్టను ఒకడు. నేడు లోకమంతట వాడుకలోనున్న సైక్లోను అను మాటను కల్పించినవాడు ఆతడే.

యానాము బ్రతికి, కోరంగి పోవుటకు కారణమేమని మేము చర్చించుకొంటిమి. యానాము ఎప్పుడును అంత పెద్దది కాలేదు; కనుక అంతగా పడిపోలేదు. మట్టము తగ్గిన రేవు అయ్యును, ఎల్ల కట్టిన ఊరు అగుటచే ప్రత్యేకతను నిలుపుకొన్నది. ఆ ఎల్లయే 1947 తరువాత దానికి చిక్కు తెచ్చినది. చుట్టును స్వతంత్ర భారతము. లోపల ఫ్రెంచి జెండా. సుంకపు చౌకీలు బిగిసినవి. ఊరిలో విలీనము కోరినవారు ఒక పక్షము, ఫ్రెంచివారితో నుండవలెననువారు ఒక పక్షము. ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే కుటుంబమున, రెండు పక్షములు ఉండెను.

1954 జూన్ 13న దడాల రాఫేల్ రమణయ్య నాయకత్వమున విలీనవాదులు యానాములో ప్రవేశించి ఫ్రెంచి అధికారమును అంతమొందించి, త్రివర్ణపతాకము నెత్తిరి. ఆ యేడు నవంబరు 1న ఫ్రెంచి స్థావరముల పాలన భారతప్రభుత్వము చేతికి వచ్చినది. 1956 మే 28న సంధి వ్రాసికొనిరి. 1962 ఆగస్టు 16న అది అమలులోనికి వచ్చి చట్టరీత్యా విలీనము పూర్తియైనది. ఆనాడు ఎదురెదురు నిలిచిన కుటుంబములు ఈనాడు ఒకరి పెండ్లికి ఒకరు పోవుచున్నవని ఉపాధ్యాయులవారు చెప్పిరి. ఫ్రెంచి పౌరసత్వము కోరుకొన్నవారి సంతతిని ఊరు వెలివేయలేదు. జెండా నెత్తినవారిని మరువలేదు. చిన్న ఊరిలో వైరమును ఎక్కువకాలము మోయుట కష్టము. రేవులో రోజును ముఖములు చూచుకొనవలసియుండును గదా.

కోరంగి నుండి తిరిగివచ్చుచుండగా, అంతవరకు మా చర్చలు వినుచున్న సరంగు తనంతట తాను మాట కలిపెను. గాలివానల మాట వచ్చినప్పటి నుండి అతడు నది మొగవైపు చూచుచుండుట మేము గమనించియే యుంటిమి. 1996 నవంబరు 6వ తేది రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపాను ఈ సముద్రతీరపు పల్లెలను తుడిచిపెట్టినది. వేటకు పోయిన మత్స్యకారులు పెక్కుమంది తిరిగిరాలేదు. మా సరంగు తమ్ముడు వారిలో నొకడు.

"తెల్లారేసరికి ఇల్లు లేదండి, పడవ లేదండి" అని అతడు చెప్పెను. "పిల్లల్ని భుజానేసుకుని, నీళ్ళలో పడి లేచి, యానాం వచ్చి పడ్డామండి. ఒంటి మీద తడిబట్ట తప్ప ఏమీ లేదు. వీధిలోకి రాగానే ఒకాయన తలుపు తీసి లోపలికి రమ్మన్నాడండి. ఎవరివి, ఏ కులం, ఏ ఊరు అని అడగలేదు బాబూ. పొయ్యి మీద గంజి ఉంటే మా పిల్లలకు పోశారు. వాళ్ళింట్లో కూడా పైకప్పు ఎగిరిపోయిందండి. ఆ మిగిలిన సగం కప్పు కిందే మేమందరం పదిరోజులున్నాం." అట్లనుచు అతడు పడవను గట్టునకు త్రిప్పెను. ముందటినాడు సత్తుచెంబుతో నీరిచ్చిన ముసలమ్మ మెట్ల మీదనే యుండెను. అతడు ఆమెను "అమ్మా" అని పలుకరించి, కోరంగి పాయలో వలవేసి తెచ్చిన నాలుగు రొయ్యలు ఆమె గిన్నెలో వేసెను. ఆ ఇల్లు ఆమెదేనని మాకు అప్పుడు తెలిసినది.

ఊరి మంచితనమును కొలుచుటకు మాకు అంతకు ముందు తెలిసిన కొలత ఒకటే: వచ్చినవానిని ఆదరించుట. యానాము ఆ కొలతకు ఎప్పుడును తక్కువ కాలేదు. కాని ఆ తలుపు గుండా తుపాను బాధితులు వచ్చిరి. నిద్రలోనున్న తొమ్మిదేండ్ల పెండ్లికూతురు వచ్చినది. కరవులో అమ్ముడుపోయిన బిడ్డలు ఆ రేవునుండియే వెలికి పోయిరి. ఆపదలో నున్నవానిని నీవెవరని అడుగకుండుట ఊరికి శోభ. బలవంతుడు ఒక అబలను చేయిపట్టి కొనిపోవునప్పుడు ఈమె ఎవరు, ఎచ్చటికి అని అడుగకుండుట ఊరికి అపకీర్తి. సత్తుచెంబు అందించిన చేయి, సొన్నెరా అడ్డుపెట్టిన చేయి, రెండును రేవునకు కావలసినవే.

సాయంకాలము పోటు వచ్చువేళకు మేము పడవ ఎక్కితిమి. ఈసారి ప్రవాహమునకు ఎదురుగా పోవలసియున్నది గనుక సముద్రపు పోటే మాకు తోడు. ఉపాధ్యాయులవారు గట్టు వరకు వచ్చి, "ఈసారి శ్రావణంలో రండి. పులస తినకుండా పంపించను" అనిరి. తరువాత ఏదియో గుర్తువచ్చినట్లు, "చిన్నమామ్మ కథ ఎక్కడైనా చెబితే చెప్పండి. పేరు మాత్రం వద్దు" అనిరి. ఆ మాట ప్రకారము ఇచ్చట చెప్పితిమి.

పడవ నడినీటికి చేరునప్పటికి యానాములో దీపములు వెలిగినవి. ఎదుర్లంక వైపు వారధి మీద వాహనములు బారులుగా పోవుచున్నవి. వానిలోనివారికి ఈ ఊరు రెండు నిమిషములలో దాటిపోవును. రేవులో మాత్రము ఆ ముసలమ్మ ఇంకను కూర్చుండియే యున్నది. చీకటిలో పైనుండి వచ్చుచున్న మరియొక పడవను చూచి ఆమె లేచి నిలుచుట మాకు కనబడినది. ఆ వచ్చినవారిని ఆమె ఏమడిగెనో, ఏమీ అడుగక నీరు మాత్రమే ఇచ్చెనో మాకు వినబడలేదు.